బయటి లొట్టి

కొలువులో ఉన్నన్నాళ్ళు ఏం పని చేశావు తాతా అని అడిగి, నేను చెప్పాక మా ఇంట్లో పిల్లలు కడుపు పట్టుకొని నవ్వుతారు. కల్లు చుక్క నాలుక మీద వేసుకోకుండా ఏళ్ళ తరబడి కల్లు మంచిచెడులు తేల్చినవాణ్ణి నేను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఈ వయసులో ఎవరినైనా నవ్వించగలిగితే అదీ ఒక పనే. కాని ఆ నవ్వు వెనకాల ఒక మనిషి ఉన్నాడు. అతని సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడం కూడా ధైర్యం వచ్చి కాదు. దాచుకొనే ఓపిక అయిపోయింది, అంతే.

నిజాం జమానా చివరి ఏళ్ళలో నేను ఆబ్కారీలో పనిచేశాను. ఆబ్కారీ అంటే కల్లు, సారాల మీద సర్కారు పెత్తనం. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక తాలూకా కచ్చేరి. ఏ తాలూకా అన్నది వదిలేయండి, కల్వకుర్తి వైపు అనుకుంటే చాలు. తాలూకాలో ఉన్న కల్లు దుకాణాలన్నీ తిరిగి, గోడకు వేలాడే నిర్ఖునామా చూడడం నా పని. నిర్ఖునామా అంటే ధరల పలక. ఇప్పుడు మీరు హోటలుకు వెళ్తే చేతికి ఒక అట్ట ఇస్తారే, అలాంటిదే, కాకపోతే చెక్క మీద సున్నంతో రాసేవారు. ఈత కల్లు, తాటి కల్లు, పోద్దాడు కల్లు, ఇప్పసారా. పక్కన ధర. పోద్దాడు అంటే మగతాటి చెట్టు. దాని కల్లు తియ్యగా ఉంటుందంటారు, ధర కూడా మిగతావాటికన్నా ఎక్కువే. పలక మీది ధరకు తగిన సరుకు లొట్టిలో, అంటే కల్లు కుండలో, ఉందో లేదో చూసి, ‘తగును’ అనో ‘తగదు’ అనో ఉర్దూలో రాసి కింద దస్కతు పెట్టాలి. తగదు అని రాస్తే దుకాణం మూతపడేది.

కాయిదా ప్రకారం రుచి నేనే చూడాలి. మా ఇంట్లో కల్లు అనే మాట నోటికొస్తే పుక్కిలించి రమ్మనేవారు. ఉర్దూ బాగా వచ్చని కొలువిచ్చారు గాని, అది ఆబ్కారీ అని తెలిసిన రోజు మా నాయిన రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట తిన్నాడు, ఎందుకంటే ఇంట్లో ఇంకెవరికీ కొలువు లేదు. చేరే ముందు, చుక్క కూడా నోట పెట్టనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు నేను నిలబెట్టుకున్నాను, చాలా కాలం.

మరి రుచి ఎవరు చూసేవారంటే, మా జవాను. జవాను అంటే బంట్రోతు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అతన్ని ‘నువ్వు’ అనేవాణ్ణి, అతను నన్ను ‘అయ్యా’ అనేవాడు. అప్పట్లో అది ఎవరికీ వింతగా తోచేది కాదు, నాకూ తోచలేదు. పొడుగాటి మనిషి, నడిస్తే నా గుర్రబ్బండికి సమంగా వచ్చేవాడు. ఊరవతలి వాడలో పుట్టాడు. చిన్నప్పటి నుంచి కల్లు తాగి పెరిగినవాడే గాని, పెళ్ళయిన తర్వాత ఇంటిల్లిపాదీ మిషను వాళ్ళ ప్రార్థనలో కలిశారు. అప్పటి నుంచి మానేశాడు. కొలువు కోసం నోట్లో పోసుకోవచ్చు, గొంతు మాత్రం దాటనీయవద్దు అని వాళ్ళ పాస్టరు సెలవిచ్చాడట. కాబట్టి అతను ఒక గుక్క నోట్లో పోసుకొని, కళ్ళు మూసుకొని, అటూ ఇటూ తిప్పి, పక్కకు వెళ్ళి ఉమ్మేసేవాడు. కల్లు తాగని పంతులు ఒకడు, మింగని జవాను ఒకడు. మేమిద్దరం కలిసి తాలూకా తాలూకాకే కల్లు తీర్పులు చెప్పేవాళ్ళం.

అతని నాలుక సామాన్యమైన నాలుక కాదు. లొట్టి నిన్న కడిగారా, మొన్న కడిగారా చెప్పేవాడు. ఒకసారి తాలూకా పొలిమేరలో ఒక దుకాణంలో నోట్లో పోసుకొని, ఈ చెట్టు పక్కనే బాయి ఉందయ్యా, మోట గొడుతున్నరు అన్నాడు. పోయి చూస్తే చెట్టు మొదట్లోంచే కాలువ పారుతూ ఉంది. ఆ రోజు నుంచి అతను చెప్పడం, నేను రాయడం. కాగితం మీద మాత్రం ‘నేను రుచి చూసి’ అనే ఉండేది.

ఏడేళ్ళుగా అతను కచ్చా కొలువులోనే ఉన్నాడు. పక్కా కాలేదు. నడుముకు కట్టుకున్న పట్టీకి ఇత్తడి బిళ్ళ ఉండేది గాని, అది అతనిది కాదు. అంతకు ముందు పనిచేస్తూ చనిపోయిన జవానుది. పక్కా అయితే తన నంబరుతో కొత్త బిళ్ళ వస్తుంది. ఆ బిళ్ళ మీద అతనికి ఎంత ఆశ ఉండేదో నాకు తెలుసు. బండి పక్కన నడుస్తూ నడుస్తూ, ఆ పాత బిళ్ళను చొక్కా కొసతో తుడుస్తూ, ఈ ఏడు లిస్టుల నా పేరుంటదా అయ్యా అని అడిగేవాడు. ఎందుకుండదు, నేను రాస్తాను కదా అనేవాణ్ణి. పక్కా కావడానికి కావలసిందల్లా దస్త్రంలో అతని మీద మచ్చ లేకపోవడం, పైన నా మాట ఒకటి. అంతే.

ఇక ఆ దుకాణం. కల్వకుర్తి బాట మీద, రోడ్డుకు కొంచెం లోపలికి, తాటివనం అంచున ఉండేది. నడిపేది ఒక విధవరాలు, గౌండ్ల ఇంటి కోడలు. భర్త తాటిచెట్టు మీంచి పడి పోయాడు. మరుదులు గీసి తెస్తే ఆమె అమ్మేది. నోరు పెద్దది, చెయ్యి శుభ్రం, ఆ చుట్టుపక్కల ఆమె పోద్దాడు కల్లుకు పేరుండేది. పలక మీద దాని ధర పక్క ఊళ్ళ కన్నా ఎక్కువ. చుట్టుపక్కల దుకాణాలన్నీ గుత్తకు పట్టుకున్న ఒక ముస్తాజరుకు ఈ ఒక్క దుకాణమే చిక్కలేదు. అతను అర్జీ పెట్టాడు: ధర ఎక్కువ, సరుకు నీళ్ళు, విచారించవలెను అని.

మేము మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. లోపల కొట్టంలో చాపల మీద రైతులు కూచొని ఉన్నారు. నాకు నులకమంచం వేశారు. మంచినీళ్ళు కూడా పుచ్చుకోనని తెలిసి ఆమె విసనకర్ర ఇచ్చింది. పలక చూశాను, బాగానే రాసి ఉంది. పోద్దాడు కల్లు పొయ్యమను అన్నాను. అంటూ ఉండగానే జవాను కొట్టం దాటి, మోకాలెత్తు రాతిగోడ అవతల, వేపచెట్టు కింద ఉన్న బండ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అటు వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. ప్రతి దుకాణంలో అతను నిలబడేది అక్కడే. దుకాణం పనివాడు వచ్చి, తాటాకు రేక దోనెలో ఎత్తి పోశాడు. అతను కళ్ళు మూసుకున్నాడు, తిప్పాడు, ఉమ్మాడు. గోడ దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

“మూడొంతులు కల్లు, వంతు నీళ్లు అయ్యా. చెట్టు మంచిదే. లొట్టిలనే ఆగం జేసిండ్రు.”

నేను అక్కడే కలం తీశాను. ఆమె వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడింది. లోపలి లొట్టిది జర చూడుండ్రి అయ్యా, నీళ్ల చుక్క లేదు అని ఎంతో మొత్తుకుంది. లోపలి లొట్టి అనే మాట నా చెవిన పడింది. పడింది గాని తలకెక్కలేదు. పట్టుబడ్డ ప్రతివాళ్ళూ ఇంకో లొట్టి ఉందనే అంటారు. ‘ధరకు తగదు’ అని రాసి, దస్కతు పెట్టి, పలక గోడ మీంచి దింపించి బండిలో వేయించాను. కాళ్ళు పీకుతున్నాయి, ఎండ మండుతోంది, ఇంకో రెండు దుకాణాలు చూడాలి. నా తొందర నాది.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. మీ కాలం వాళ్ళకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. మాకు రాలేదు. మూడేళ్ళు కలిసి తిరిగాం, నేను లోపల మంచం మీద, అతను బయట బండ దగ్గర. నేను పలక చూసేవాణ్ణి లోపల, అతను రుచి చూసేది బయట. బయట పోసేదీ లోపల పోసేదీ ఒకటేనా అని ఒక్కనాడు నాకు తట్టలేదు. అతనికీ తట్టలేదు. పుట్టినప్పటి నుంచి అతనికి కల్లంటే బయట పోసిన కల్లే. ఆ తాలూకాలో ఎన్ని దుకాణాల మీద నేను ఏమేం రాశానో, అందులో ఎంత నిజమో ఇప్పుడు తలచుకుంటే తల తిరుగుతుంది.

వారం తర్వాత కచ్చేరిలో విచారణ. మా పైఅధికారి పెద్దమనిషి, మృదువుగా మాట్లాడేవాడు, కల్లు వాసనకే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొనేవాడు. ఆమె వచ్చింది. వెంట మరిది, ఇద్దరి నెత్తిన చెరో లొట్టి, మూతికి బట్ట కట్టి ఉంది. రెండూ తెచ్చి గడప ముందర దించి, ఒక్కొక్కటే చూపిస్తూ ఆమె చెప్పింది.

“గిది లోపలి లొట్టి సాబ్. గిది బయటి లొట్టి. మీ జవానుకు పోసింది బయటిది. బయటోళ్లకు వేరేనే పోస్తం, మా అత్త కాలం సంది గట్లనే నడుస్తాంది.”

మరి ధర అని అడిగాడు సాబ్. ధర ఒకటేనని చెప్పింది. దాచలేదు. దాస్తే దుకాణం పోతుంది. బయటివాళ్ళకు నీళ్ళు కలిపి పోస్తున్నానని నిండు కచ్చేరిలో ఒప్పుకుంటే తప్ప, తాను నీళ్ళు కలపలేదని రుజువు చేసుకోలేని స్థితి ఆమెది. తప్పు ఒప్పుకొని నిర్దోషిగా బయటపడిన మనిషిని నా కొలువులో ఆమెనొక్కతెనే చూశాను. ఆమె మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో.

సాబ్‌కు కుతూహలం కలిగింది. జవానును పిలిపించి, ఏ లొట్టి ఏదో చెప్పకుండా రెండు దోనెల్లో పోయించి ముందుంచాడు. అతను వరండా మెట్టు మీద నిలబడ్డాడు. మొదటి దోనె ఎత్తాడు, తిప్పాడు, పక్కకు పోయి ఉమ్మాడు. గిది ఆనాడు నాకు పోసినసొంటిదే, వంతు నీళ్లున్నయి అన్నాడు. రెండోది ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఉమ్మడానికి పక్కకు పోలేదు. అతని గొంతు కదలడం నేను చూశాను. మింగాడు. ఆ సంగతి అతనికే తెలియలేదనుకుంటాను.

“గిసొంటిది నేనెన్నడు నోట్ల పోస్కోలే సాబ్” అన్నాడు.

ఆమె తల వంచుకుంది. మరిది పంచె కొంగున ఏదో మూట విప్పినట్టు నటిస్తూ అటు తిరిగాడు.

సాబ్ తీర్పు నిమిషంలో అయిపోయింది. నమూనా ఎప్పుడూ దుకాణం అసలు లొట్టి నుంచి తీయాలి, బయటి లొట్టి నుంచి తీసినది చెల్లదు, కాబట్టి సరుకు ధరకు తగును, పలక తిరిగి ఇచ్చేయాలి. మంచిదే. ఆమె చేతులెత్తి మొక్కి ఏడ్చింది. ఆ తర్వాత నన్ను లోపలికి పిలిచాడు. మొదటి రిపోర్టు ఉంది కదా, దాన్ని సరిచేస్తూ ఇంకొకటి రాసివ్వమన్నాడు. రెండు లొట్లు ఉన్నాయని, బయటివాళ్ళకు నీళ్ళు పోస్తున్నారని, జవాను చెప్పింది అక్షరాలా నిజమని రాస్తానన్నాను. నిజంగానే అన్నాను, ఆ మాత్రం నాకు దక్కనివ్వండి.

సాబ్ జేబురుమాలు మడిచి బల్ల మీద పెట్టాడు. ఊరి రివాజుల గురించి రాయడానికి సర్కారు మనకు జీతమివ్వడం లేదన్నాడు. అది రాస్తే పైనుంచి వంద ప్రశ్నలు, ఊళ్ళో దొరలతో పేచీ. మరి మొదటి రిపోర్టు ఎందుకు తప్పయింది, ఎవరి తప్పు అని అడిగాడు. నువ్వు రుచి చూశావా అన్నాడు. చూడలేదు అంటే, ఇన్నేళ్ళ నా రిపోర్టులన్నీ అబద్ధాలే. ఆ పూటే కొలువు పోతుంది. చూశాను అంటే తప్పు నాది. సాబ్ నా మొహం చూసి అంతా గ్రహించాడు. దయగల మనిషి. ఆ దయతోనే నాకు దారి చూపించాడు. ఆ రోజు నీకు ఒంట్లో బాగాలేదని, రుచి జవాను చూశాడని రాయి, సరిపోతుంది అన్నాడు.

రాశాను. ‘నమూనా రుచి చూసిన జవాను పొరపాటు పడ్డాడు’ అని రాశాను. దాని ముందు అతని పేరు, తండ్రి పేరు. నా దస్తూరి చాలా బాగుంటుందని కచ్చేరిలో అందరూ మెచ్చుకొనేవారు. ఆ వాక్యం కూడా ముత్యాల్లాగే వచ్చింది.

బయటికి వస్తే అతను వరండా స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో ఏదో కొత్త కళ. ఏం రాసిండ్రయ్యా అని అడిగాడు. నువ్వు చెప్పింది నిజమని రాశాను, రెండు లొట్లు ఉన్నాయని రాశాను అన్నాను. అనేశాక నాకే ఆశ్చర్యమేసింది, ఎంత సులభంగా వచ్చిందో ఆ మాట.

“నా పేరు రాసిండ్రా?”

“రాశాను” అన్నాను. అదొక్కటే నిజం.

ఉర్దూ చదవడం ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికీ రాదు. వాడలో అసలే రాదు. దుకాణం ఆమెకూ రాదు. ఆమెకు పలక చేతికిచ్చారు గాని కాగితంలో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు. కాబట్టి జవాను వెళ్ళి ఏం చెబితే అదే దస్త్రమైంది. బయటి లొట్టి సంగతి సర్కారు కాగితంలో ఎక్కింది, నా పేరు మీద ఎక్కింది అని ఆ ఊరి వాడలో చెప్పుకున్నాడు. వాడ పెద్దలు నలుగురు పోయి ఆమెతో ఆ మాటే అన్నారు. మళ్ళీ విచారణ అంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చినంత పని. వాళ్ళతో ఒక్క మాట వాదించలేదట. పనివాణ్ణి పిలిచి బయటి లొట్టి పగలగొట్టించిందట.

రెండు నెలలకు మళ్ళీ ఆ బాటన వెళ్ళాం. వేపచెట్టు కింద పెంకులు పడి ఉన్నాయి. బండ అక్కడే ఉంది, గోడ అక్కడే ఉంది, బయటివాళ్ళు బయటే కూచొని ఉన్నారు. కాని పనివాడు లోపలి లొట్టి నుంచే దోనెల్లో ముంచి తెచ్చి పోస్తున్నాడు. వాళ్ళలో ఒక ముసలాయన జవానును చూసి లేచి నిలబడ్డాడు. తన కులంవాడికి, తన వయసులో సగం లేనివాడికి. జవాను సిగ్గుపడి, కూసో తాతా అన్నాడు. తిరిగి వచ్చే దారిలో ఎన్నడూ లేనిది అతను కూనిరాగం తీశాడు, ప్రార్థనలో పాడుకొనే పాట.

నేను బండిలో కూచొని ఏమనుకున్నానో చెప్పనా? నేను చేసింది అంత తప్పేమీ కాదు అనుకున్నాను. కాగితం మీద ఒకటి ఉంది, లోకంలో ఇంకొకటి నడుస్తోంది, ఉన్నవాళ్ళందరికీ మేలే జరిగింది కదా అనుకున్నాను. సంతోషంగా కూడా ఉండింది. అంతలోనే భయం. కొలువుల లిస్టు వచ్చేదాకా, ఆ నాలుగు నెలలూ కచ్చేరిలో దస్త్రాల బీరువా తెరిచిన చప్పుడైతే చాలు, రాస్తున్న కలం ఆపి అటు చూసేవాణ్ణి.

పక్కా కొలువుల లిస్టు వచ్చింది. అతని పేరు లేదు. నేను రాయవలసిన మాట రాశాను, మంచి జవాను, నమ్మకస్తుడు అని. కాని నా మాట పక్కనే నా వాక్యం కూడా దస్త్రంలో ఉంది. రెండూ ఒకే దస్తూరి. పైవాళ్ళు ఏది నమ్ముతారు? రుచి చూడడంలో పొరపాటు పడి ఒక దుకాణం అన్యాయంగా మూతపడడానికి కారణమైనవాడు అని, పక్కా చేయకపోవడమే కాదు, ఉన్న కచ్చా కొలువు కూడా ఆ నెలాఖరుతో సరి అన్నారు. అతను కచ్చేరి మెట్ల మీద నిలబడి ఎందుకు అని అడిగితే, దస్త్రాలు చూసే గుమాస్తా, పేష్కారు, కాగితం తీసి ఉర్దూలో చదివి, తెలుగులో చెప్పాడట. ఆ రోజు నేను కచ్చేరిలో లేను. పనుందని చెప్పి పెందరాళే వెళ్ళిపోయాను.

పేష్కారు నోట్లో మాట దాగదు. ముస్తాజరుకు చేరింది, అక్కణ్ణుంచి ఊరికి చేరింది. కాగితంలో రెండు లొట్ల మాటే లేదట, జవాను అబద్ధమాడినట్టు ఉందట అని అందరికీ తెలిసిపోయింది. పది రోజుల్లో వేపచెట్టు కిందికి కొత్త లొట్టి వచ్చింది.

ఆ తర్వాత ఒక రోజు పొద్దున నేను అదే బాట మీద ముసాఫిర్ బంగళాలో మకాం ఉన్నాను. వరండాలో కూచొని మొహం కడుక్కుంటున్నాను. అతను వచ్చాడు. నడుముకు పట్టీ లేదు, బిళ్ళ లేదు. రెండు చేతుల్లో రెండు చిన్న లొట్లు, చంకలో రేక దోనెలు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. అతను మెట్ల కింద నిలబడి, లొట్లు మెట్టు మీద పెట్టి, రెండు దోనెలు మడిచి, రెండింట్లో పోశాడు.

“ఒకటి లోపలిది, ఒకటి బయటిది అయ్యా. జర నోట్ల పోస్కొని మీరే చెప్పుండ్రి.”

నేను మా నాయినకు వేసిన ఒట్టు గుర్తుకొచ్చింది. నవ్వొచ్చింది కూడా. ఆ ఒట్టు కాపాడుకోవడానికి ఏమేం చేశాను! దోనె అందుకున్నాను. నా చేతి వేళ్ళు అతని వేళ్ళకు తగిలాయి, అదీ మొదటిసారే. ఒక గుక్క తీసుకున్నాను. పుల్లగా, పచ్చి తాటాకు వాసన. తిప్పడం నాకు రాదు, గబుక్కున మింగేశాను. రెండోది తీసుకున్నాను. అదే పులుపు, అదే వాసన. మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది. కళ్ళు కూడా మూసుకొని చూశాను. ఏ తేడా తెలియలేదు. ఇన్నేళ్ళు ఎన్ని దుకాణాలకు తగును, తగదు అని రాశానో, ఆ నేను, రెండు దోనెల ముందు తెల్లమొహం వేసుకొని కూచున్నాను.

చివరికి ఏదో ఒకటి చెప్పాలి కదా అని కుడిచేతిది చూపించి, ఇది లోపలిది అన్నాను.

అతను చాలాసేపు నా మొహంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అలసిపోయిన మనిషి ఇంకో అలసిపోయిన మనిషిని చూసినట్టుంది.

“అది బయటిదయ్యా” అన్నాడు. తర్వాత, “ఇగ రాయుండ్రి, ఎవని నాలుక పొరపాటు వడ్డదో.”

నా సంచి పక్కనే ఉంది. అందులో కాగితం ఉంది, కలం ఉంది, సిరాబుడ్డి ఉంది. నేను కదలలేదు. అతను నిలబడే ఉన్నాడు, నాకు వ్యవధి ఇచ్చినట్టుగా. ఎండ మెట్ల మీదికి వచ్చేదాకా ఉన్నాడు. తర్వాత రెండు లొట్లూ బంగళా ముందర మట్టిలో వంచేసి, ఖాళీ లొట్లు పట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతను నాకు కనిపించలేదు. మిషను ఆవరణలో తోటపని చేస్తున్నాడని ఒకసారి విన్నాను. వెళ్ళి చూడలేదు. ఏ మొహం పెట్టుకొని వెళ్ళను?

తర్వాత రాజ్యమే మారిపోయింది. ఆ కచ్చేరి వేరే చోటికి వెళ్ళింది, ఉర్దూ దస్త్రాలు ఎక్కడో చెదలు తింటూ ఉండాలి, లేదా ఈపాటికి తినేసి ఉండాలి. నాకు మాత్రం పింఛను వస్తూనే ఉంది. మీరు చిన్నవాళ్ళు, రేపు మీరూ ఏదో ఒక కుర్చీలో కూచొని ఏదో ఒకటి తగును, తగదు అని రాస్తారు. మీకు హితబోధ చేసే అర్హత నాకు లేదు, ఓపికా లేదు. ఆనాడు సంచిలోంచి తీయని కాగితం ఇప్పుడు తీశాను, అంతే. ఆ వాక్యాన్ని కొట్టేసి, అతని మనవలో మునిమనవలో ఉంటే వాళ్ళు చదువుకోగలిగే భాషలో మళ్ళీ రాస్తున్నాను.

నమూనా రుచి చూసిన జవాను పొరపాటు పడలేదు. దుకాణంలో రెండు లొట్లు ఉన్నవి, ధర ఒకటే. రుచి చూడవలసినవాడు చూడలేదు. దస్కతు నాది.